కృతికర్త యెవ్వరు?
గ్రంథస్వామ్య చరిత్రమున యంత్రరచన

కొంతకాలము క్రిందట పదవతరగతి చదువుచున్న బాలిక యొకతె నాయొద్దకు వచ్చి, స్త్రీవిద్యను గుఱించిన వ్యాసము నొకదానిని చూపినది. వ్యాసము చక్కగానే యున్నది, దోషములు తక్కువ. అయితే ఆ పిల్ల అబద్ధమాడు స్వభావము గలది కాదు. “మాస్టారూ, ఇది నేను వ్రాసినది కాదు. ఫోనులోని యంత్రమును అడిగితిని, అది వ్రాసి యిచ్చినది. అడిగినది నేను, మాటలు దానివి. ఇప్పుడు ఈ వ్యాసము నాదా, దానిదా, లేక ఇటువంటి వ్యాసములు పూర్వము వ్రాసినవారిదా?” అని యడిగినది. ఆ దినమున నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఆ బాలిక అడిగిన ప్రశ్ననే నేడు అనేక దేశముల న్యాయస్థానములు విచారించుచున్నవని తరువాత చదివి తెలిసికొంటిని. నాకు తెలిసినంతవరకు ఆ కథను చదువరులకు విన్నవించుచున్నాను.

ముందుగా ఒక సంగతి. ఈ వివాదములో రెండు ప్రశ్నలు కలిసిపోయి యున్నవి. యంత్రమునకు చదువు నేర్పుటకై ఇతరుల గ్రంథములను వారి అనుమతి లేకుండ వాడుకొనుట న్యాయమా? ఇది మొదటిది. చదువు నేర్చిన యంత్రము వ్రాసి యిచ్చిన రచనకు స్వామి యెవ్వరు? ఇది రెండవది. వీనిని వేరుచేసి చూడనిచో తర్కము తెగదు.

గ్రంథస్వామ్యము అనాదినుండి వచ్చిన ధర్మము కాదు. అచ్చుయంత్రము పుట్టిన తరువాతనే ఆ మాట పుట్టినది. ఇంగ్లండులో 1557లో పుస్తక వర్తకుల సంఘమునకు రాజపత్రము లభించెను. అప్పటి హక్కు అచ్చువేసినవానిదే గాని వ్రాసినవానిది కాదు. 1710లో ఆన్ రాణి కాలమున అమలునకు వచ్చిన శాసనమే మొదటిసారి గ్రంథకర్తను హక్కుదారునిగా గుర్తించినది. ఆ శాసనము తన పేరులోనే విద్యాభివృద్ధిని ప్రయోజనముగా చెప్పుకొన్నది. క్రొత్త గ్రంథమునకు 14 సంవత్సరములు రక్షణ. అప్పటికి కర్త జీవించియున్నచో మఱి 14 సంవత్సరములు. వర్తకులు మాత్రము తమ హక్కు శాశ్వతమని వాదించుచుండిరి. ఎడింబరో పుస్తకవిక్రేత అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్, థామ్సన్ కవి ఋతువర్ణన కావ్యమును చౌకగా అచ్చువేసి అమ్మగా, వ్యాజ్యము ప్రభువుల సభవఱకు పోయెను. 1774లో ఆ సభ, ప్రకటితమైన గ్రంథముపై శాశ్వతస్వామ్యము లేదని తీర్పు చెప్పెను. దీని సారమును మనము మఱువరాదు. గ్రంథస్వామ్యము ఒక ఒడంబడిక. వ్రాసినవానికి కొంతకాలము ఫలము. తరువాత ఆ గ్రంథము లోకమునకెల్ల సొత్తు.

మన దేశమున ఈ శాసనము 1847లో కుంపిణీ ప్రభుత్వకాలమున వచ్చి, 1914లో మార్పుచెంది, స్వాతంత్ర్యానంతరము 1957లో క్రొత్తగా వ్రాయబడినది. కర్త మరణించిన తరువాత 50 సంవత్సరములుగా నున్న గడువును 1992లో 60 సంవత్సరములకు పెంచిరి. 1941లో కాలధర్మము చెందిన రవీంద్రుని రచనల గడువు ముగియుచుండుటయే దానికి నాటి ప్రేరణ. ఈ లెక్కను బట్టి, 1915లో గతించిన గురజాడవారి రచనలును, 1919లో గతించిన వీరేశలింగంగారి రచనలును, వారు జీవించియుండగా ప్రకటితమైనంతవరకు, నేడు అందఱివి. 1976లో గతించిన విశ్వనాథవారి అట్టి రచనలకు 2036 చివరివఱకును, 1979లో గతించిన చలముగారి వానికి 2039 చివరివఱకును, 1983లో గతించిన శ్రీశ్రీ వానికి 2043 చివరివఱకును రక్షణ కలదు.

యంత్రమునకును ఈ శాసనమునకును కలహము క్రొత్తది కాదు. 1884లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఎదుటికి ఒక ఫోటో వచ్చినది. నెపోలియన్ సరోనీ అను ఛాయాచిత్రకారుడు ఆస్కార్ వైల్డు కవిని తీసిన చిత్రమును ఒక ముద్రణసంస్థ 85,000 ప్రతులు అచ్చువేసినది. చిత్రమును తీసినది పెట్టె గదా, అందులో మనుష్యుని కల్పన యేమున్నదని ఆ సంస్థ వాదించెను. కవిని కూర్చుండబెట్టిన తీరు, దుస్తులు, వెలుగునీడల కూర్పు, ఇవన్నియు సరోనీ మనస్సునుండి వచ్చినవేయని న్యాయస్థానము నిర్ణయించెను. పెట్టె పనిముట్టు; కర్త మనుష్యుడు.

మఱియొకటి 1908 నాటిది. తనంత తానే మ్రోగు పియానోలకై రంధ్రములు గల కాగితపు చుట్టలను అమ్ముచుండిరి. పాట వ్రాసినవారు ప్రతిఫలము కోరగా, ఆ రంధ్రములను మనుష్యుడు కంటితో చదువలేడు గనుక అవి పాటకు నకళ్లు కావని అదే న్యాయస్థానము చెప్పెను. స్వరకర్తల నోట మన్ను పడినది. కాని మఱుసటి సంవత్సరమే, 1909లో, శాసనసభ చట్టమును మార్చెను. స్వరకర్త ఒకమాఱు యంత్రగానమునకు అనుమతించిన తరువాత ఇతరులును ఆ పాటను వాడుకొనవచ్చును; అయితే ప్రతి చుట్టకు రెండు సెంట్లు అతనికి చెల్లించవలెను. యంత్రము ఆగలేదు, కర్త పస్తుండలేదు. ఈ మధ్యేమార్గమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక నేటి యంత్రము. ఇది కోట్లకొలది పుటలను చదివి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చునో ఊహించుట నేర్చుకొనును. ఊహ తప్పినప్పుడెల్ల దానిలోని అంకెలు సవరింపబడును. నేర్చిన తరువాత అందులో మిగులునది ఆ అంకెల కూర్పే. పుస్తకములు బీరువాలో వలె వరుసగా ఉండవు. అయినను పలుమాఱులు చదివిన భాగములను కంఠపాఠముచేసిన బాలునివలె అక్షరాల అప్పగించుటయు కలదు. తగవంతయు ఈ రెండు స్వభావముల నడుమనే పుట్టుచున్నది.

మొదటి ప్రశ్నకు న్యాయస్థానములు ఒక్క గొంతుతో సమాధానము చెప్పలేదు. 2025 జూన్‌లో కాలిఫోర్నియా న్యాయాధిపతి యొకరు ఆంత్రోపిక్ సంస్థపై రచయితలు వేసిన వ్యాజ్యములో, గ్రంథములతో యంత్రమునకు చదువు నేర్పుట న్యాయమైన వాడుకయే యనిరి. కాని దొంగప్రతులను దించుకొని గ్రంథాలయముగా దాచుకొనుట అట్టిది కాదనిరి. పిమ్మట ఆ సంస్థ 150 కోట్ల డాలర్లు చెల్లించుటకు రాజీపడినది. సుమారు 5 లక్షల గ్రంథములకు ఒక్కొక్కదానికి 3,000 డాలర్ల లెక్క. ఆ వారముననే అక్కడి మఱియొక న్యాయాధిపతి మెటా సంస్థ పక్షమున తీర్పు చెప్పియు, రచయితలు తగిన సాక్ష్యము చూపలేదు గనుకనే అట్లు చెప్పితిననియు, యంత్రరచనలు వెల్లువగా వచ్చి అసలు గ్రంథముల విపణిని ముంచివేయునెడల ఫలితము వేఱుగా నుండుననియు హెచ్చరించిరి. నవంబరులో జర్మనీలోని మ్యూనిక్ న్యాయస్థానము, పాటల సాహిత్యము యంత్రములో నిలిచియుండి తిరిగి బయటకు వచ్చుచున్నది గనుక అది నకలు చేయుటయేనని ఓపెన్ ఏఐ సంస్థకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. కంటికి కనబడని నకలు నకలు కాదన్న 1908 నాటి మాట అక్కడ చెల్లలేదు.

జపాను 2018లోనే తన చట్టమును సవరించి ఇట్టి విశ్లేషణకు విశాలముగా ద్వారము తెఱచినది. ఐరోపా సమాఖ్య 2019లో ద్వారము తెఱచియు, వలదన్న హక్కుదారునికి అడ్డుచెప్పు వీలు నుంచినది. మన 1957 చట్టములోని 52వ సెక్షను స్వంత పఠనము, పరిశోధన, విమర్శ, వర్తమాన వార్తల ప్రకటన మొదలగు కొన్ని ప్రయోజనములను పేర్కొని మినహాయించినది. యంత్రము మాట అందులో లేదు. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్ ఏఐపై ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసినది. 2025 డిసెంబరులో కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము, యంత్రశిక్షణకు అందఱి రచనలను వాడుకొననిచ్చి, అందుకు రచయితలకు ప్రతిఫలము ముట్టజెప్పు నిర్బంధపు లైసెన్సును సూచించినది. 1909 నాటి రెండు సెంట్ల యుపాయమునకు ఇది దగ్గఱి చుట్టము.

రెండవ ప్రశ్నకు కొంత స్పష్టత కలదు. కేవలము యంత్రమే కర్తయని వ్రాసి నమోదు కోరిన చిత్రమునకు అమెరికాలో 2023లో ఒక న్యాయస్థానమును, 2025లో దానిపై న్యాయస్థానమును హక్కు నిరాకరించినవి. కర్త మనుష్యుడై యుండవలెనని వారి సిద్ధాంతము. బీజింగు న్యాయస్థానము మాత్రము 2023లో, ఆజ్ఞలను పలుమాఱులు మార్చి దిద్ది ఒకడు పొందిన యంత్రచిత్రమునకు వానినే కర్తగా అంగీకరించినది. ఇంగ్లండు 1988లోనే, మన దేశము 1994లోనే, కంప్యూటరు పుట్టించిన కృతుల సంగతి చట్టమున చేర్చినవి. మన చట్టము ప్రకారము అట్టి కృతిని పుట్టునట్లు చేసిన మనుష్యుడు కర్త. అయితే ప్రశ్న యడిగినవాడా, యంత్రమును కట్టినవాడా అను సందేహమును ఆ వాక్యము తీర్చుట లేదు.

ఇక్కడ మన ఆలంకారికుల మాట యొకటి స్మరించుట యుచితము. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు ఒక కవి కావ్యమునకు మఱియొక కవి కావ్యముతో గల పోలికను మూడు విధములుగా విభజించెను. అద్దములోని ప్రతిబింబమువంటిది మొదటిది. పటముమీద వ్రాసిన చిత్తరువువంటిది రెండవది. ఇద్దఱు మనుష్యులకు గల పోలికవంటిది మూడవది. మొదటి రెండును విడువదగినవి. మూడవది గ్రాహ్యము, ఏలయన, ముఖములు పోలినను ప్రాణములు వేఱు. న్యాయస్థానములును ఈ త్రోవనే పోయినవి. మన అత్యున్నత న్యాయస్థానము 1978లో, ఆర్. జి. ఆనంద్ నాటకమునకును ‘న్యూఢిల్లీ’ చలనచిత్రమునకును నడిచిన వ్యాజ్యములో, భావము ఎవ్వరి సొత్తును కాదనియు, దానిని చెప్పిన తీరునకే రక్షణ యనియు తేల్చినది. యంత్రము అక్షరాల అప్పగించినది ప్రతిబింబము. మాటలు మాత్రము మార్చి యిచ్చినది చిత్తరువు. అయితే ఆలంకారికులు విచారించినది కవి కీర్తిని. చట్టము విచారించునది అతని కూటిని కూడ. వేయిమంది కవులనుండి తలకొక మాట తెచ్చుకొన్న యంత్రముపై ఏ ఒక్కరును చౌర్యమును నిరూపింపలేరు. కాని వేయిమంది కూలియు తగ్గవచ్చును. పాతశాస్త్రము చాలని చోటు ఇదియే.

నా అభిప్రాయము ఇది. యంత్రము చదువరాదనుట అచ్చుయంత్రమును తిట్టిన లేఖకుల మాటవంటిది. నూఱేండ్ల గ్రంథములన్నియు దానికి మూసివేసినచో, అది ఆంగ్లమున పండితుడై తెలుగున మూగయై యుండును. అప్పుడు నష్టము మన పిల్లలకే. గడువు తీఱిన తెలుగు గ్రంథములను శుద్ధముగా అక్షరబద్ధముచేసి అందఱికిని అందించుట మన సంఘముల పని. జీవించియున్న రచయిత సంగతి వేఱు. ఇంటిపని తీర్చుకొని రాత్రివేళ కథలు వ్రాయు ఇల్లాలి కష్టమును అడుగకుండ తీసికొని, ఆమెకు దమ్మిడీ యీయక, ఆమె కథవంటి కథలనే అమ్ముట ఎంతటి తర్కముచేతను ధర్మము కానేరదు. యంత్రము చదువవచ్చును, చదివినదానికి వెల చెల్లవలెను, ఏమేమి చదివినదో బహిరంగముగా చెప్పవలెను.

ఆ బాలికకు తరువాత ఇట్లు చెప్పితిని: “అమ్మా, చట్టము ఏమి చెప్పినను, నీవు తెలిసికొనినది మాత్రమే నీది. మీ అవ్వ యెంతవఱకు చదివినది? ఎందుకు మానినది? అడిగి వ్రాసికొని రమ్ము.” వారమునకు రెండు పుటలు తెచ్చినది. ఐదవతరగతిలో బడి మాన్పింపబడిన ముసలమ్మ కథ అందులో నున్నది. వాక్యములు కుంటినడక నడిచినవి, వర్ణదోషములు పదునాలుగు. దిద్ది యిచ్చితిని. క్రింద తన పేరు వ్రాయవచ్చునా యని ఆ పిల్ల ఈమాఱు అడుగలేదు, వ్రాసికొనియే వచ్చినది.