హూయిజ్ గందరగోళం ఎక్కడ పుట్టింది?

డొమైన్ ఎవరిదో తెలుసుకోవాలంటే టెర్మినల్‌లో హూయిజ్ అని కొట్టడం మనలో చాలామందికి అలవాటు. జవాబు మాత్రం ఒక్కో డొమైనుకి ఒక్కో అవతారంలో వచ్చేది. 02/03/2004 అని ఉంటే అది ఫిబ్రవరో మార్చో మీ అదృష్టం. రిజిస్ట్రార్ల బద్ధకమని తిట్టుకుంటాం గానీ, నన్నడిగితే తప్పు పుట్టుకలోనే ఉంది.

1982లో ఆర్‌ఎఫ్‌సీ 812 వచ్చినప్పుడు ఇది డొమైన్ల కోసం కాదు. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐలో ఉంచిన, అర్పానెట్ వాడేవాళ్ళ ఫోన్ డైరెక్టరీ అన్నమాట. చదివేది మనిషే కదా, ఇక ఫార్మాట్ ఎందుకు? 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3912గా తిరగరాసినప్పుడూ అంతే: 43వ పోర్టుకి ఒక లైను పంపు, వచ్చింది చదువుకో. అక్షరాల ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పే దారి లేదని అందులోనే ఒప్పుకున్నారు.

1999లో డాట్ కామ్ అమ్మకాల్లోకి పోటీ వచ్చాక అసలు తమాషా మొదలైంది. రిజిస్ట్రీ దగ్గర రిజిస్ట్రార్ పేరు, నేమ్ సర్వర్లు, తేదీల్లాంటివే ఉంటాయి. ఓనరు వివరాలు రిజిస్ట్రార్ దగ్గర. అంటే రెండు చోట్ల అడగాలి. దీనికి తోడు ఆకతాయిలు మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌తో మొదలయ్యే పొడుగాటి పేర్లు తమ నేమ్ సర్వర్లకి పెట్టుకున్నారు. ఆ పేరు అడిగితే ఈ చెత్తంతా వరసగా దిగేది, బూతులతో సహా! కొత్తవాళ్ళు మైక్రోసాఫ్ట్ హ్యాక్ అయిందనుకునేవారు. పేరుకి ముందు 'డొమైన్' అని చేరిస్తే అసలుది మాత్రమే వచ్చేది, కానీ ఆ చిట్కా ప్రోటోకాల్లో ఎక్కడా లేదు, ఆ రిజిస్ట్రీ సర్వరుకే తెలుసు.

2015లో ఆర్‌డాప్ వచ్చింది. హెచ్‌టీటీపీ మీద జేసన్, ఒకే రకం తేదీలు, ఎవర్ని అడగాలో చెప్పే ఐయానా జాబితా. యూటీఎఫ్-8 కూడా, కాబట్టి తెలుగు డాట్ భారత్ డొమైను ఓనరు పేరు తెలుగులోనే పంపొచ్చు. డాట్ కామ్ లాంటి జెనెరిక్ డొమైన్లకి హూయిజ్ తప్పనిసరి అన్న నిబంధన 2025 జనవరి 28తో పోయింది.

అయితే ఈలోగా 2018 మేలో యూరప్ జీడీపీఆర్ అమల్లోకి వచ్చి ఓనరు వివరాలకి ముసుగు పడింది. గడులన్నీ చక్కగా కుదిరాయి, లోపల ఏముందంటే 'రిడాక్టెడ్'. మామూలు మనిషి ఫోన్ నంబరు దాచడం సబబే, ఆ డైరెక్టరీ స్పామర్లకి పండగైంది. కానీ చాలా రిజిస్ట్రార్లు కంపెనీల పేర్లు కూడా దాచేస్తున్నారు, అది మాత్రం నాకు మింగుడుపడదు. బ్యాంకు పేరుతో దొంగ సైటు కనిపిస్తే ఇప్పుడు మనకి మిగిలిన దారి, అదే జవాబులో ఉండే రిజిస్ట్రార్ అబ్యూజ్ ఈమెయిలు.