ఆప్తవాక్యం

తెలుగు కవితా సంపుటాల మొదటి పుటల్లో తరచుగా కనిపించే శీర్షిక ‘ఆప్తవాక్యం’. కవిగారి మిత్రుడో గురువో రాస్తారు. అందులో అభిమానం ఉంటుంది, ఆశీస్సు ఉంటుంది. ఆవిష్కరణ సభ దగ్గరపడుతుంటే ప్రూఫులు చేతికిచ్చి అడిగితే రాసే మాటలు అంతకంటే ఎలా ఉంటాయి? చిక్కు తర్వాత వస్తుంది. ఎం.ఏ. విద్యార్థి ఆ కవి మీద పరిశోధన పత్రం రాస్తూ, ఈ మాటలనే ‘విమర్శకుల అభిప్రాయం’ అని ఉటంకిస్తాడు. అడిగితే, పెద్దవారు రాశారు కదండీ అంటాడు. నమ్మదగిన ఆధారం అంటే ఏమిటో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన సంగతంతా ఆ శీర్షికలోని పదంలోనే ఉంది.

‘ఆప్’ ధాతువుకు పొందడం, చేరడం అని అర్థం. ప్రాప్తి, వ్యాప్తి, సమాప్తి దాని నుంచి వచ్చినవే. చేరువైనవాడు ఆప్తుడు. మన వాడుకలో ఇప్పుడు ఆ అర్థమే నిలిచింది: ఆప్తమిత్రుడు, ఆప్తబంధువు, ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబం. భారతీయ తర్కమైన న్యాయశాస్త్రంలో ఈ పదం బతుకు వేరు. అక్కడ ప్రమాణాలు, అంటే జ్ఞానానికి ఆధారాలు, నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి ఉపదేశమని గౌతముడి సూత్రం. ఆ ఆప్తుడెవరో భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు. విషయాన్ని తాను సాక్షాత్తు ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలియజేయాలన్న కోరికతో చెప్పేవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా అన్నాడు. ఆ చివరి మాట నాకెంతో ఇష్టం. పుట్టుక అడగలేదు, పీఠం అడగలేదు. మనకు ఎంత దగ్గరివాడో అసలే అడగలేదు.

వాత్స్యాయనుడి ‘మ్లేచ్ఛుడు’, అంటే పరదేశి, అనగానే తెలుగువాళ్లకు ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌను గుర్తుకు రావాలి. ప్రతులు సేకరించి, పండితులను పెట్టి పాఠాలు పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. ఫలానా పద్యం తనకు దొరికిన ప్రతుల్లో ఎలా ఉందన్న విషయంలో ఆయన ఆప్తుడు. వేమన ఏ కాలంవాడన్న చోట ఆయనదీ ఊహే, పదిమంది ఊహల్లో ఒకటి. కాబట్టి ఆప్తత్వాన్ని మనిషికి కట్టబెట్టేసి ఊరుకోకూడదు, విషయాన్ని బట్టి ఎప్పటికప్పుడు తేల్చుకోవాలి. ‘బ్రౌను అన్నాడు’ అని రాసే విద్యార్థి, చూసి అన్నాడా, తోచి అన్నాడా అని కూడా రాయాలి.

‘సాక్షాత్తు ఎరగడం’ సాహిత్య విమర్శలో ఎంత పనో కన్యాశుల్కం చూపిస్తుంది. నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి వేశారు. ఐదంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర బాగా పెరిగింది. ఇవాళ మనం చదివేది, ఆడేది, నవ్వుకునేది ఈ రెండోదాన్నే. మధురవాణి మీద పత్రం రాసే విద్యార్థి ‘1892 నాటికే గురజాడ ఇంతటి స్త్రీ పాత్రను సృష్టించారు’ అన్నాడనుకోండి. దానికి పేరున్న విమర్శకుడి వాక్యమే ఆధారంగా చూపవచ్చు. కానీ ఆ విమర్శకుడి ముందున్నది ఏ కూర్పు? 1909 పాఠం చదివి 1892 గురించి తీర్పు చెప్పి ఉంటే, ఆయన ఎంత గొప్పవాడైనా ఆ ఒక్క విషయంలో ఆప్తుడు కాడు. తొలి కూర్పు చూడటం చాలాకాలం కష్టంగానే ఉండేది. పరిశోధకుడు బంగోరె పూనుకుని ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో 1969లో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. కవి గురించి పొగడ్తగా పది వ్యాసాలు రాయడం కంటే ఇది పెద్ద విమర్శ అని నేననుకుంటాను. ఆ తర్వాత రాసేవారికి చూడలేదన్న సాకు లేకుండా పోయింది.

అలాగని ముందుమాటలన్నీ పక్కన పెట్టమని కాదు. క్రీడాభిరామానికి వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠిక ఉంది. వల్లభరాయని పేరిట ఉన్న ఆ కృతి శ్రీనాథుడిదేనని ఆయన వాదించారు. ఒప్పుకోని పండితులున్నారు. ఒప్పుకోనివారు కూడా ఆ పీఠికను దాటి ముందుకు పోలేరు, ఆయన తన ఆధారాలను పాఠకుడి ముందు పరిచారు గనక. నిర్ణయం నిలవకపోయినా విమర్శ నమ్మదగినదే కావచ్చు. స్నేహితుడు రాసిన ముందుమాటలో కూడా, ఈ కవితను మొదట ఎవరెవరు విన్నారు, తర్వాత ఏ చరణం మారింది అని ఉంటే, అది చూసినవాడి మాట. ఆ పేరా తీసుకోవచ్చు. ‘యుగకర్త’ అన్న పేరా అక్కర్లేదు.

శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు కుప్పలుగా దొరుకుతున్నాయి. పనికొస్తాయి, ముఖ్యంగా చివరి పుటల్లోని ఉపయుక్త గ్రంథ సూచికలు. అయితే ఒక గ్రంథంలో తప్పుగా పడిన పుటసంఖ్య తర్వాతివాటిలోకి అలాగే వచ్చి కూర్చుంటుంది. మధ్యలో ఎవరూ అసలు పుస్తకం తెరవలేదన్నమాట. అందుకే నేను విద్యార్థులను ‘భారతి’ పాత సంచికల దగ్గరికి పంపుతాను. 1924 నుంచి 1991 దాకా నడిచిన ఆ పత్రిక సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలకు వెళ్లగలిగినవారు పాత పత్రికలను చేతిలోకే తీసుకుని చూడవచ్చు. కావలసిన వ్యాసం దొరకగానే సంచిక మూసేయవద్దు. తర్వాతి ఆరు నెలల సంచికలూ తిరగేయాలి. ఆ వ్యాసం తప్పని ఎవరైనా రాసి ఉంటే ఆ ఖండన వాటిలో ఉంటుంది, దానికి మొదటి రచయిత ఇచ్చిన సమాధానం కూడా.