ముఖానికి గొడుగు



ఎండలో బయటికి వెళ్ళేటప్పుడు మన అమ్మమ్మలు ఏం చేసేవారో మీకు గుర్తుండే వుంటుంది. గొడుగు వుంటే గొడుగు, లేకపోతే కొంగు. ఆ కొంగుని తలమీదుగా ముందుకు లాక్కుని, ముఖం మీద నీడ పడేటట్టు చూసుకునేవారు. ఈరోజు మందుల షాపుకి వెళితే, ఆ కొంగు చేసే పని మేం చేసిపెడతామంటూ ఎన్నెన్నో ట్యూబులు వరసగా నిలబడి వుంటాయి. ఒకదానిమీద 30 అని, ఇంకోదానిమీద 50 అని అంకె. పక్కన రెండో మూడో ప్లస్ గుర్తులు. కింద “జిడ్డు చర్మానికి” అనో, “అన్నిరకాల చర్మాలకీ” అనో అక్షరాలు. ఏది తీసుకోవాలి? షాపు కుర్రాణ్ణి అడిగితే “పెద్ద నంబరు తీసుకోండమ్మా, అదే మంచిది” అంటాడు.

నేనూ అలా పెద్ద నంబరు కొన్నదాన్నే. రెండో కాన్పు తర్వాత నాకు బుగ్గలమీద మంగు వచ్చింది. ఆ క్రీము రాసుకుంటే ముఖం విభూతి పూసుకున్నట్టు తెల్లగా తేలింది. పోనీ మంగయినా తగ్గిందా అంటే అదీ లేదు. ట్యూబు సగంలోనే అలమారులో మూలపడింది. లోపం ఎక్కడుందా అని చదవడం మొదలుపెడితే, ట్యూబు మీద వున్న ఒక్కొక్క గుర్తు వెనకా ఒక్కొక్క కథ వుందని తెలిసింది. ఆ కథలు తెలిస్తే మనకి ఏది కావాలో మనమే చెప్పుకోవచ్చు. అందుకని ఈవేళ మీకు ఆ చరిత్ర చెబుతాను.

ముందు ఆ కిరణాల సంగతి. 1801లో జర్మనీ దేశంలోని యేనా పట్టణంలో యోహాన్ రిట్టర్ అనే శాస్త్రజ్ఞుడు సూర్యరశ్మిని గాజుపట్టకం గుండా పంపించి, ఇంద్రధనుస్సులోలాగా రంగులు విడదీశాడు. వెండి లవణం పూసిన కాగితాన్ని ఒక్కొక్క రంగులోనూ పెట్టి చూశాడు. వెండి లవణం వెలుగు తగిలితే నల్లబడుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఊదారంగుకి అవతల, కంటికి ఏ వెలుగూ కనిపించని చోట కాగితం అన్నిటికంటే త్వరగా నల్లబడింది! వాటినే ఇప్పుడు అతినీలలోహిత కిరణాలు అంటున్నాం. చర్మాన్ని కమిలించేవీ, నల్లబరిచేవీ ముఖ్యంగా ఇవే. వీటిలో మనదాకా వచ్చేవి రెండు రకాలు. ‘బి’ రకం పైపొరని కాల్చి ఎర్రగా చేస్తుంది. ‘ఎ’ రకం ఇంకా లోపలికి దిగుతుంది, రంగు మారుస్తుంది, ముడతలు తెస్తుంది. ‘బి’ని కిటికీ అద్దం చాలామటుకు ఆపుతుంది. ‘ఎ’ మాత్రం అద్దంలోంచి కూడా వచ్చేస్తుంది. బస్సులో కిటికీపక్క కూర్చున్నా, మధ్యాహ్నం అద్దాల కిటికీ దగ్గర కుట్టుమిషను తొక్కుతున్నా అది మనల్ని వదలదన్నమాట.

ఇక అంకె కథ. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సరిహద్దులో పిజ్ బుయిన్ అనే మంచుకొండ వుంది. ఎత్తు 3,312 మీటర్లు. 1938లో ఫ్రాంజ్ గ్రైటర్ అనే కుర్రవాడు, రసాయనశాస్త్ర విద్యార్థి, ఆ కొండ ఎక్కి ముఖం కాల్చుకున్నాడట. మంచుమీద పడిన ఎండ తిరిగి ముఖానికే కొడుతుంది గదా! ఆ మంట మరిచిపోలేక, 1946లో ఒక క్రీము తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. ఈనాటి లెక్కలో దాని బలం 2 మాత్రమేనని అంచనా. క్రీము ఎంత కాపాడుతుందో కొలవడానికి 1956లో జర్మనీలో షుల్ట్సె అనే ఆయన ఒక పద్ధతి సూచించాడు. దాన్ని ‘ఎస్.పి.ఎఫ్.’ అనే పేరుతో 1974లో ప్రచారంలోకి తెచ్చినవాడు మళ్ళీ ఈ గ్రైటరే.

ఆ కొలత ఎలా చేస్తారో కాస్త శ్రద్ధగా వినండి, అసలు కీలకం అక్కడే వుంది. మనిషి వీపు మీద కొంతమేర క్రీము రాసి, కొంతమేర రాయకుండా వదిలి, దీపంతో కృత్రిమమైన ఎండ పడేటట్టు చేస్తారు. క్రీము లేనిచోట చర్మం ఎర్రబడడానికి ఎంత ఎండ కావాలి, క్రీము వున్నచోట ఎంత కావాలి అని చూస్తారు. ముప్ఫయి రెట్లు కావలసివస్తే ఆ క్రీముకి 30 అంకె. ఈ పరీక్షకి తెల్లని చర్మం, త్వరగా ఎర్రబడే చర్మం వున్నవాళ్ళనే ఎంచుకుంటారు. ఎర్రదనం వాళ్ళ వొంటిమీద స్పష్టంగా కనిపిస్తుంది గనక.

చూశారా! ఆ అంకె చెప్పేది ఎర్రబడడం గురించి. మనలో ఎండకి ఎర్రగా కమిలిపోయేవాళ్ళు ఎంతమంది? మన బాధ వేరు. మనం నల్లబడతాం. మంగు వస్తుంది. మొటిమ తగ్గినచోట మచ్చ నిలిచిపోతుంది. అంకె ఒక్కటీ చూసి కొనడమంటే, పక్కింటావిడ కొలతలకి కుట్టిన జాకెట్టు మనం తొడుక్కున్నట్టే. అలాగని అంకె అక్కర్లేదనుకోకండి. 15 అంకె వున్నది ‘బి’ కిరణాలలో నూటికి 93 పాళ్ళు ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. ముప్ఫయికీ యాభైకీ తేడా ఎంతో మీరే చూడండి. 30 వుంటే చాలు, ఆ పైన చూడవలసినవి వేరే వున్నాయి.

“మీ చర్మం ఏ రకం?” అని అడుగుతారే, ఆ మాటకీ రెండు అర్థాలున్నాయి. రెండిటికీ రెండు చరిత్రలు. మొదటిది అంగడి చరిత్ర. పోలండ్‌లో పుట్టి 1896లో ఆస్ట్రేలియాకి వలసవెళ్ళిన హెలెనా రూబిన్‌స్టైన్ అనే ఆవిడ, అక్కడి ఎండకి వాడిపోయిన ఆడవాళ్ళ ముఖాలు చూసి మెల్బోర్న్ నగరంలో క్రీముల దుకాణం పెట్టింది. పొడిచర్మం, జిడ్డుచర్మం, మామూలు చర్మం అనే విభజనకి ప్రచారం తెచ్చినవాళ్ళలో ఆవిడ ముఖ్యురాలు.

రెండోది ఆస్పత్రి చరిత్ర. 1975లో అమెరికాలో, బోస్టన్ నగరంలో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు సోరియాసిస్ జబ్బుకి మందు మింగించి, ఆపైన ‘ఎ’ కిరణాలు పట్టించే చికిత్స చేస్తున్నాడు. ఆ మందు సోరలెన్ జాతిది. ఆ జాతికి పేరు వచ్చింది ఏ మొక్కవల్లననుకున్నారు? మన ఆయుర్వేద వైద్యులు బొల్లికి వాడే బావంచాల మొక్కవల్ల! సరే, కిరణాలు ఎంత మోతాదు పట్టించాలన్నది రోగి జుట్టురంగు, కళ్ళరంగు చూసి నిర్ణయిస్తే, కొందరికి వొళ్ళు కాలిపోయింది. చూస్తే తెలియడం లేదని, వాళ్ళనే అడగడం మొదలుపెట్టాడు: “ఎండలోకి వెళితే మీరు ఎర్రగా కమిలిపోతారా, నల్లబడతారా?” ఆ జవాబుల్నిబట్టి నాలుగు తరగతులు చేశాడు. నాలుగూ తెల్లవాళ్ళవే. మనలాంటి చామనఛాయ వాళ్ళూ, నల్లనివాళ్ళూ తర్వాత చేరారు. 1988 నాటికి మొత్తం ఆరు తరగతులు స్థిరపడ్డాయి. మనలో ఎక్కువమంది నాలుగు, అయిదు తరగతుల్లోకి వస్తాం.

ఇప్పుడు ఈ రెండు చరిత్రలూ విడదీసి చూసుకోండి. జిడ్డా, పొడా అన్నది క్రీము ఎలా వుండాలో చెబుతుంది. కమిలేదా, నల్లబడేదా అన్నది క్రీము దేన్ని ఆపాలో చెబుతుంది. నేను కొన్నప్పుడు మొదటి ప్రశ్న ఒక్కటే వేసుకున్నాను. రెండోది ఎవరూ అడగలేదు.

మరి నల్లబడేవాళ్ళ గురించి ఎవరూ ఆలోచించలేదా? ఆలోచించారు. ఆ ప్లస్ గుర్తుల కథ అదే. జపాన్‌లో 1996లో ‘పి.ఎ.’ అనే గుర్తింపు పెట్టారు. ‘ఎ’ కిరణాలు పడిన చర్మం ఎంత నల్లబడుతుందో చూసి వేసే మార్కులు ఇవి. ఒక ప్లస్ నుంచి మూడు ప్లస్‌ల వరకు వుండేవి. 2013లో నాలుగోది చేర్చారు. ఈ గుర్తు మనకి అంకెకంటే ముఖ్యం. మూడు ప్లస్‌లకి తగ్గకుండా చూసుకోండి.

ఇంకొక్క మెట్టు వుంది. 2010లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా చామనఛాయ చర్మాన్ని నల్లబరుస్తుందని, తెల్లని చర్మాన్ని అలా మార్చలేదని తేలింది. మామూలు క్రీములు ఈ వెలుగుని ఆపలేవు. ఆపేది ఏమిటంటే ఐరన్ ఆక్సైడు, అంటే ఇనుము తాలూకు ఎరుపు, పసుపు రంగుల పొడి. మనకి కొత్తదేం కాదండీ! అరుగులకీ గడపలకీ పూసే జాజులో, ఎర్రమన్నులో ఆ ఎరుపు ఇనుముదే. ఆఫ్రికాలో నమీబియా దేశపు హింబా స్త్రీలు ఎర్రరాతి పొడిని వెన్నలో కలిపి వొంటికి రాసుకుంటారు. అలాగని మీరు ఎర్రమన్ను ముఖానికి పులుముకోకండి సుమండీ! శుద్ధిచేసిన ఐరన్ ఆక్సైడు కలిపిన క్రీములు దొరుకుతాయి. వాటిని ‘టింటెడ్’ అంటారు. లేత గోధుమరంగులో వుంటాయి గనక ముఖం విభూతి పూసినట్టు తేలదు. మంగు వున్నవాళ్ళకి పనికివచ్చేది ఇదే.

ఇక ఎంపిక మీ చేతిలో పని. జిడ్డుచర్మం, మొటిమలు వున్నవాళ్ళు జెల్లుగా గాని, పల్చని లోషనుగా గాని వున్నది తీసుకోండి. పొడిచర్మం వాళ్ళకి చిక్కని క్రీము హాయిగా వుంటుంది. ఏది రాసినా మండే సున్నితమైన చర్మానికి జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు వున్నవి మంచివి. అవి కాస్త తెల్లగా తేలుతాయి, ఆ మాటకి ముందే సిద్ధపడండి. మంగు, మచ్చలు వున్నవాళ్ళకి 30 అంకె, మూడు ప్లస్‌లు, ఐరన్ ఆక్సైడు, ఈ మూడూ వుండాలి. గర్భిణులు డాక్టరుగారిని అడిగి వాడండి. కొత్త ట్యూబు ఏదైనా ముందు చెవి వెనక నాలుగురోజులు రాసి చూడండి.

రాసే పద్ధతిలోనే చాలామంది మోసపోతాం. పరీక్షలో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాస్తారు. మనం పొదుపు చేసి బొట్టంత రాసుకుని, అంకె అబద్ధమంటాం. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పెట్టుకుంటే ముఖానికీ మెడకీ సరిపోయే కొలత. గుమ్మం దిగడానికి పావుగంట ముందు రాసుకోవాలి. ఎండలోనే వుండవలసివస్తే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి.

చివరగా ఒక్కమాట. ఫిట్జ్‌పాట్రిక్ ఆ తరగతులు చేసిన 1975లోనే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ బజారులోకి వచ్చింది. అక్కడ చర్మాన్ని “నీకేం బాధ?” అని అడుగుతుంటే, ఇక్కడ “నీ రంగే బాధ” అని చెప్పారు. ఆ పేరులోంచి ‘ఫెయిర్’ అనే మాట తీసెయ్యడానికి 2020 దాకా పట్టింది. ఎండక్రీము మనల్ని తెల్లగా చెయ్యదు. చెయ్యవలసిన అవసరమూ లేదు. వున్న మచ్చ ముదరకుండా, కొత్తది రాకుండా కాపు కాస్తుంది. మంగు తగ్గడానికి నెలలు పడుతుంది, ఒక్కొక్కప్పుడు మళ్ళీ తిరగబెడుతుంది. ఓపిక వుండాలి. త్వరగా తెల్లబడాలని ఎవరో చెప్పిన ట్యూబు, డాక్టరుచీటీ లేకుండా కొనకండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ వుంటే చర్మం పల్చబడి, ఉన్నదికాస్తా పోతుంది.

అన్నట్టు కొంగుని మాత్రం మరిచిపోకండి. ఏ క్రీమైనా గొడుగుకి తోడే గాని గొడుగుకి బదులు కాదు. మూలపడిన నా ట్యూబు సంగతి అడుగుతారేమో, అది తోటలో పనిచేసేటప్పుడు చేతులకి రాసి ఖర్చు చేశాను. ముఖానికి మాత్రం ఇప్పుడు గోధుమరంగుదే వాడుతున్నాను. మంగు పూర్తిగా పోలేదు గాని ఈ వేసవిలో ముదరలేదు. ఈసారి షాపుకి వెళ్ళినప్పుడు కుర్రాడి మాట వినేముందు ట్యూబు తిప్పి వెనకవైపు చదవండి.