ప్రత్యక్షం కానిది ఎలా తెలుస్తుంది: పొట్టలకెరె నుంచి పటాన్‌చెరు దాకా

రామచంద్రాపురం మండలంలోని వెలిమెలను, దాని పొరుగున ఉన్న కొల్లూరు, తెల్లాపూర్‌లను నేటి పాఠకులు ఎత్తయిన భవనాలతోనూ ఔటర్ రింగ్ రోడ్డుతోనూ గుర్తుపడతారు గానీ, ఈ ఊళ్లకు చేరువలోనే ఉన్న పటాన్‌చెరు 11వ శతాబ్దంలో పొట్టలకెరె అనే పేరుతో కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహునికి నెలవీడుగా, అంటే రాజు బస చేసి పాలన సాగించిన స్థలంగా, ఉండేదని పలువురు చరిత్రకారులు భావిస్తారు. అక్కడ బయటపడి హైదరాబాదులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు చేరిన తీర్థంకర విగ్రహాలను బట్టి అది జైనులకు పెద్ద కేంద్రమని తెలుస్తుంది. ఇంద్రియాల సాయం లేకుండా, మునుపటి అనుభవమేదీ ఆసరాగా లేకుండా జ్ఞానం సాధ్యమా అన్న ప్రశ్నకు భారతీయ దర్శనాలన్నింటిలోనూ అతి సాహసమైన సమాధానాల్లో ఒకటి చెప్పింది ఆ జైనులే.

వారి సిద్ధాంతం ప్రకారం జ్ఞానం ఆత్మకు బయటినుంచి వచ్చి చేరేది కాదు. అది ఆత్మకు స్వభావం. జ్ఞానావరణీయమనే కర్మ దానిని కప్పి ఉంచుతుంది కనుక, ఆ కప్పు తొలగిన మేరకు తెలియడమే తప్ప కొత్తగా సంపాదించడం ఉండదు. జైనులు జ్ఞానాన్ని అయిదు విధాలుగా విభజించారు: ఇంద్రియాలూ మనస్సూ కలిగించే మతిజ్ఞానం, మాటలవల్ల కలిగే శ్రుతజ్ఞానం, దూరంలో ఉన్న రూపవంతమైన వస్తువులను నేరుగా తెలిపే అవధిజ్ఞానం, ఎదుటివారి మనోభావాలను తెలిపే మనఃపర్యాయం, అన్నింటినీ ఒక్కసారిగా తెలిపే కేవలజ్ఞానం. జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో వీటిలో మొదటి రెంటినీ పరోక్షమనీ, చివరి మూడింటినే ప్రత్యక్షమనీ నిర్ణయించాడు. తక్కిన లోకమంతా కంటితో చూసినదాన్నే ప్రత్యక్షమంటూ ఉండగా, కన్ను అనే సాధనం మధ్యలో ఉన్నంతసేపూ ఆ తెలివి ఆత్మకు పరోక్షమే అవుతుందని జైనులు వాదించారు. ఈ తలకిందుల వాడుకతో ఇతర మతాల పండితులతో వాదం నడపడం కష్టమైంది కాబోలు, జినభద్రుడు, 8వ శతాబ్దపు అకలంకుడు వంటి తరువాతి ఆచార్యులు ఇంద్రియజ్ఞానానికి సాంవ్యవహారిక ప్రత్యక్షం, అంటే లోకవ్యవహారం కోసం ప్రత్యక్షమని ఒప్పుకున్నది, అనే రాజీ పేరు పెట్టారు.

ఈ సిద్ధాంతానికి ఎదురుదెబ్బ రెండు వైపుల నుంచి తగిలింది. పొట్టలకెరెలో జైనులకూ శైవులకూ జరిగిన పోరు జ్ఞాపకాన్ని పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో నిలిపాడు గానీ, ఆ కథలో గెలుపు భక్తుని మహిమదే తప్ప ప్రమాణవిచారానిది, అంటే జ్ఞానం ఏ సాధనంతో కలుగుతుందన్న చర్చది, కాదు. శాస్త్రపరమైన దాడి అంతకుముందే, వేదాన్నే ధర్మానికి ప్రమాణంగా నిలిపే మీమాంసకుల నుంచి వచ్చింది. ఇంద్రియాలతో పని లేకుండా సర్వమూ తెలిసిన మనిషి ఉంటాడన్న మాటను కుమారిలభట్టు శ్లోకవార్తికంలో నిలువునా ఖండించాడు. అయితే అతడు కూడా అనుభవానికి అతీతమైన జ్ఞానాన్ని కాదనలేదు. ధర్మం ఏ మనిషి అనుభవానికీ అందేది కాదనీ, అపౌరుషేయమైన వేదం, అంటే కర్త ఎవరూ లేని శబ్దం, మాత్రమే దాన్ని తెలుపుతుందనీ అన్నాడు. జైనులు ఇంద్రియాలు అక్కర్లేని జ్ఞానిని నమ్మితే, మీమాంసకులు జ్ఞానే అక్కర్లేని వాక్యాన్ని నమ్మారు. ఈ రెంటిలో ఏది పెద్ద సాహసమో తేల్చడం సులభం కాదు.

మూడో పక్షమైన న్యాయశాస్త్రానికి ఈ ప్రాంతంలోనే గట్టి వారసుడు ఉన్నాడు. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది పాత మెదక్ జిల్లాలోని కొలిచెలమ, నేటి కొల్చారం. నల్లరాతి పార్శ్వనాథ విగ్రహం వెలుగుచూసి ఇప్పుడు దిగంబర జైన క్షేత్రంగా పేరు పొందినదీ ఆ ఊరే. కావ్యవ్యాఖ్యాతగానే లోకానికి తెలిసిన మల్లినాథుడు వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటక అనే టీక కూడా రాశాడు. ఆ తరువాత 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ఈ శాస్త్రానికి దేశమంతటా తొలి పాఠ్యపుస్తకమైంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను ఒప్పే నైయాయికులు కంటికి కనబడనిదాన్ని తెలుసుకోవచ్చునని నిరభ్యంతరంగా అంగీకరిస్తారు. కొండమీద పొగను చూసి నిప్పును ఊహించడమే అనుమానం. కానీ ఆ ఊహకు వ్యాప్తి, అంటే పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉంటుందన్న నియమం, ముందే తెలిసి ఉండాలి. అది వంటింటి వంటి చోట్ల రెంటినీ కలిపి చూసినప్పుడే మనసులో స్థిరపడుతుంది.

అనుభవానికి ముందే ఉన్నట్టు తోచే తెలివి ఎదురైనప్పుడు వారు ఏం చేశారన్నది ఇంకా ఆసక్తికరం. అప్పుడే పుట్టిన బిడ్డ ఎవరూ నేర్పకుండానే పాలకోసం ఎందుకు తపిస్తుందని న్యాయసూత్రాలు ప్రశ్నించి, మునుపటి జన్మలో అలవాటైన ఆహారపు స్మృతి వల్లనే అని జవాబిస్తాయి. నేటికీ ఇళ్లల్లో పసిపిల్లల నేర్పు చూసి పూర్వజన్మ వాసన అనే పెద్దల మాట వెనుక ఉన్నది ఈ వాదమే. ప్లేటో మెనో సంభాషణలో చదువురాని బానిస కుర్రవాడు క్షేత్రగణిత సమస్యను విప్పడం చూపి, ఆత్మ మునుపు ఎరిగినదాన్నే స్మరిస్తుందన్నాడు. అతడు ఆ స్మృతిని ఇంద్రియానుభవానికి అతీతమైనదాన్ని నిలబెట్టడానికి వాడుకోగా, నైయాయికులు అదే స్మృతితో అనుభవాన్ని ఒక జన్మ వెనక్కి జరిపి దాని పెత్తనాన్ని కాపాడుకున్నారు. 1781లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ చెప్పినట్టు అనుభవానికి ముందే బుద్ధిలో దాని చట్రాలు ఉంటాయన్న మాట వారికి మింగుడుపడేది కాదు.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీయడం అవసరం. ఇంద్రియానికి అందనిది తెలుస్తుందా అన్నది ఒకటి. మునుపటి అనుభవం లేకుండా తెలుస్తుందా అన్నది మరొకటి. జైనులు రెంటికీ అవునన్నారు. నైయాయికులు మొదటిదానికే అవునన్నారు. ఈ భేదం పాత వాదగ్రంథాలకే పరిమితం కాదని పటాన్‌చెరు నీటి చరిత్ర చూపుతుంది.

1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ వెలసి, మందుల, రసాయనాల కర్మాగారాలు పెరిగాక, మంజీరలో కలిసే నక్కవాగు నీరు చెడిందని మొదట తెలుసుకున్నది పక్క గ్రామాల రైతులు. రంగు, వాసన, ఎండిన పైరు వారికి ప్రమాణాలు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు రైతుల మాటను జిల్లా జడ్జి విచారణ, నిపుణుల నివేదికల ద్వారా నిలబెట్టవలసి వచ్చింది. ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాని మాట, ప్రమాణమని శాస్త్రం ఒప్పినా, ఆప్తుడెవరో తేల్చడం దగ్గరే చిక్కంతా ఉంటుంది. 1994లో మురుగును శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం మొదలైంది.

ఆ కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లోక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఈ మందు నీటిలో ఉందని చెప్పే రంగు గానీ వాసన గానీ లేదు. ఎంత అనుభవమున్న రైతైనా దాన్ని పసిగట్టలేడు. కనిపెట్టింది క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు. అవి నీటిలోని పదార్థాలను వేరుచేసి, ఒక్కొక్కదాని ద్రవ్యరాశిని బట్టి తెరమీద గుర్తులు గీస్తాయి. ఆ గుర్తు ఫలానా మందుదని చెప్పాలంటే అదే మందు శుద్ధమైన నమూనాను ముందుగా ఆ యంత్రంలోనే పరీక్షించి ఉండాలి. గుర్తు హేతువు, అంటే పొగ వంటి ఆనవాలు; మందు సాధ్యం, అంటే నిప్పులా తేల్చవలసినది; నమూనా పరీక్ష వ్యాప్తికి ఆధారం. అన్నంభట్టు పరిభాషలో ఇది నిక్కమైన అనుమానం. ఇంద్రియాలు ఇక్కడ పూర్తిగా వెనకబడ్డాయి గానీ పూర్వానుభవం మాత్రం అంగుళమైనా జరగలేదు. పైగా ఇటువంటి పరీక్షలో, ఏ మందు ఉండవచ్చునో ముందే అనుకొని, దాని నమూనా దగ్గర పెట్టుకొని వెతికితేనే అది దొరుకుతుంది. వెతకనిది నీటిలో ఉన్నా నివేదికలో ఉండదు.

ఏది వెతకాలో నిర్ణయించేది చాలాసార్లు చట్టమే. మందుల కర్మాగారాల మురుగులో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధించే ముసాయిదాను కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో వెలువరించింది. 2021 ఆగస్టు నాటి తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు.