వడ్లా, బియ్యమా? - సాఫ్ట్‌వేరు ప్యాకేజీల చరిత్ర

స్వర్ణముఖి యొడ్డున, నాయుడుపేట ప్రాంతమున, వరి పండించువారికి వడ్లకును బియ్యమునకును గల భేదము మేము చెప్పనక్కరలేదు. కంప్యూటరు ప్రోగ్రాములలోను ఇట్టి భేదమే కలదు. మనుష్యుడు వ్రాసిన సోర్సు కోడు వడ్ల వంటిది. యంత్రము నడపగల రూపము బియ్యము వంటిది. లినక్స్, ఫ్రీ బి.ఎస్.డి. మొదలైన ఆపరేటింగ్ సిస్టములలో సోర్సు కోడు ఎల్లరకును అందుబాటులో నుండును. దానిని ఇల్లిల్లును చేర్చుట ఎట్లు? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానములను తూచి చూతము.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించిన తొలిదినములలో చాలవరకు ఎవరి వడ్లు వారే దంచుకొనవలసి యుండెను. 1993లో పాట్రిక్ వోల్కర్డింగ్ వెలువరించిన స్లాక్‌వేర్‌లో సిద్ధమైన ప్రోగ్రాములు ప్యాకేజీలుగా, అనగా మూటలుగా, లభించెను. కాని ఒక మూటకు వేరొక మూట తోడు కావలెనా యని చూచుకొనుట గృహస్థుని పనియే.

అదే సంవత్సరము ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించెను. దాని పనిముట్టగు డి.పి.కె.జి.ని 1994లో ఇయాన్ జాక్సన్ సీ భాషలో తిరిగి వ్రాసెను. 1995లో రెడ్ హ్యాట్ వారు ఆర్.పి.ఎం.ను తెచ్చిరి. ఈ పద్ధతులలో ప్రతి మూటకును ఒక చీటీ కలదు. దాని పేరు, కూర్పు సంఖ్య, తోడు కావలసిన యితర మూటలు అందు వ్రాసియుండును. చీటీ వచ్చెను గాని చిక్కు తీరలేదు. ఒక మూట మరి రెండింటిని కోరును, అవి మరి నాల్గింటిని కోరును. వానిని వెదకి తెచ్చు భారమును డెబియన్‌లో ఏ.పి.టి. తీసివేసెను. ఇది 1999 మార్చిలో డెబియన్ 2.1తో వచ్చినది. 2003లో ఫెడోరా తొలి కూర్పులో యమ్ ఆ పనియే చేసెను.

ఫ్రీ బి.ఎస్.డి. వారి త్రోవ వేరు. 1994లో జోర్డాన్ హబ్బర్డ్ ప్రారంభించిన పోర్ట్స్, వడ్లు తెచ్చి దంచు విధమును తెలుపును. తమ యంత్రమునకు తగినట్లు దంచుకొనవచ్చును గాని, పెద్ద ప్రోగ్రామునకు గంటలు పట్టును. అందుచేత వారును నేడు సిద్ధమైన మూటలను ఇచ్చుచున్నారు. ఈల్కో డోల్‌స్ట్రా 2006 నాటి సిద్ధాంతవ్యాసమున వివరించిన నిక్స్ పద్ధతిలో ఒకే ప్రోగ్రాము రెండు కూర్పులు పక్కపక్కనే యుండును. క్రొత్తది చెడినచో పాతదానికి మరలవచ్చును. స్థలము మాత్రము ఎక్కువ కావలెను.

ఇక అన్నిటికన్న బరువైనది నమ్మకము. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, ఎక్స్.జెడ్. అను ప్రోగ్రాములో దొంగదారి కలదని లోకమునకు తెలిపెను. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు సుమారు అర సెకను ఆలస్యమగుటయే ఆయనకు దొరికిన ఆధారము. ఆ విషమును మేల్కొలుపు భాగము బహిరంగ సోర్సు కోడు భాండారమున లేదు. విడుదల మూటలో మాత్రమే కలదు. అనగా పొలము మంచిదే, దారిలో కల్తీ జరిగెను! డెబియన్, రెడ్ హ్యాట్ తరహా మూటలు కట్టువేళనే అది పని చేయునట్లు అమర్చిరి. క్రొత్త కూర్పులకై త్వరపడని డెబియన్ స్థిర కూర్పునకు హాని కలుగలేదు. పాత బియ్యమునకు మన యిండ్లలో గౌరవముండుట ఊరక కాదు.

ఈ తూకము మనకేల యనవచ్చును. దేశికాచారి గారి పోతన 2000, వేమన 2000 తెలుగు ఫాంట్లను డెబియన్, ఫెడోరా రెండును మూటలుగా కట్టి యుంచినవి. ఫాంటు లేనిచో తెర మీద మన అక్షరములకు బదులు ఖాళీ గడులు కనబడును. నాయుడుపేట బడిలోని పిల్లవానికి మూట కట్టిన వాని శ్రద్ధయే అక్షరమై కనబడును.

మా అభిప్రాయమున గృహములకును బడులకును సంతకముతో వచ్చు సిద్ధమైన మూటలు, స్థిరమైన కూర్పు మేలు. అయితే బియ్యము తినువారికి వడ్లు చూచు హక్కు ఉండవలెను. ఆ వడ్లనుండియే ఆ బియ్యము వచ్చెనని ఎవరైనను దంచి చూడగలుగవలెను. ఈ రెండును గల పద్ధతియే తూకమునకు నిలుచును.