పలకల ఊళ్లో ఒక టార్పెడో దాస్తాన్

మొన్న ఈద్ రోజు మార్కాపురంలో మా ఇంట్లో, ఒకే గదిలో అబ్బా చెవిలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్, తమ్ముడి స్పీకర్, పిల్లల ఫోన్లు, మూలన వైఫై పెట్టె. అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే గల్లీలో తిరిగేవే. అయినా అబ్బా వింటున్న నాత్ ఎక్కడా తెగలేదు. "ఇదెట్లా రా?" అన్నారు హైరత్‌గా. జవాబు కోసం 1940కి పోవాలి.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో 'సిటీ ఆఫ్ బెనారస్' అనే ఓడను జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. బాంబుల నుంచి కాపాడదామని బ్రిటన్ కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లల్లో 77 మంది చనిపోయారు. ఓడలోని లాస్కర్లను మాత్రం తక్కువమందే తలుచుకుంటారు. లాస్కర్ అంటే మన 'లష్కర్' మాటే. హిందుస్తానీ నావికులు, చాలామంది ముసల్మాన్లు. వాళ్లలోనూ ఎక్కువమంది ఇల్లు చేరలేదు.

ఆ ఖబర్ హాలీవుడ్ నటి హెడీ లమార్‌ను కదిలించిందని ఆమె జీవితం రాసినవాళ్లు అంటారు. ఆస్ట్రియాలో ఆమె మొదటి షౌహర్ ఆయుధాల వ్యాపారి. దస్తర్‌ఖాన్ దగ్గర ఆయుధాల మాటలు చాలానే విన్నది. టార్పెడోను రేడియోతో నడపొచ్చు, కానీ దుష్మన్ అదే ఫ్రీక్వెన్సీలో మోత పెడితే అది దారి తప్పుతుంది. అందుకని పంపేదీ అందుకునేదీ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి దూకుతూ పోవాలన్నది ఆమె ఆలోచన. సంగీతకారుడు జార్జ్ ఆంథెయిల్ దానికి తర్కీబ్ చెప్పాడు: తనంతట తానే మోగే పియానోలో ఉండే చిల్లుల కాగితపు చుట్ట. పియానో మెట్లలాగే 88 ఫ్రీక్వెన్సీలు. 1942 ఆగస్టు 11న పేటెంట్ వచ్చింది. అమెరికా నౌకాదళం దాన్ని పక్కన పడేసింది. 1959లో గడువు తీరింది, చేతికి ఒక్క డాలర్ రాలేదు. ఆమెకు ఒక ఇనామ్ దక్కింది 1997లో, 82 ఏళ్ల వయసులో.

'బ్లూటూత్‌ను ఆమే కనిపెట్టింది' అని వాట్సాప్‌లో తిరిగేది గలత్. ఫ్రీక్వెన్సీ మార్చే ఆలోచన మీద 1932లోనే ఒక పేటెంట్ ఉంది. బ్లూటూత్ పని 1994లో ఎరిక్సన్ కంపెనీలో మొదలైంది. ఆమె హఖ్ ఆమెకివ్వాలంటే అబద్ధం కలపనక్కర్లేదు.

అబ్బా ఉమ్రంతా పలకల ఫ్యాక్టరీలో మెహనత్ చేసినవారు, అందుకే పలకలతోనే చెప్పాను. 79 పలకలు పరిచి ఉన్నాయనుకోండి. ఫోనూ ఇయర్‌ఫోనూ ముందే ఒక వరుస అనుకుని, సెకనుకు 1600 సార్లు పలక మారుస్తూ రాసుకుంటాయి. వేరేవాడు ఒక పలక మీద గీసినా పోయేది ఆ ముక్కే. 2003 తర్వాతి బ్లూటూత్ ఇంకా హుషార్: వైఫై ఆక్రమించిన పలకలు ఏవో కనిపెట్టి, వాటిని వరుసలోంచి తీసేస్తుంది.

గిద్దలూరు నుంచి వచ్చిన మా భాంజీ ఈసీఈ చదువుతోంది. "మామూ, మా నోట్సులో ఇదంతా ఉంది, ఆమె పేరే లేదు" అంది. పేటెంట్ కాగితం ఫోన్‌లో చూపించాను. అందులోనూ 'లమార్' అని ఉండదు, అప్పటి షౌహర్ ఇంటిపేరుతో 'హెడీ కీస్లర్ మార్కీ' అని ఉంటుంది. పిల్ల నోట్సు తీసి పాఠం పక్కన రెండు పేర్లూ రాసుకుంది. అబ్బా మళ్లీ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు.