పద్దు దిద్దాల్సింది ఎవరు?

మహారాష్ట్ర వైపు సిరోంచ బజారులోని ఆన్‌లైన్ సెంటర్లో ప్రింటరు ఒక్కో కాగితాన్నే బయటికి తోస్తోంది. ఒక రైతక్క వెనక మనం నిలబడే ఉన్నాం, బెంచీ నిండా సాత్‌బారా, అంటే భూమి పత్రం, తీయించుకోవడానికి వచ్చిన రైతులే. అక్క సంచిలోనూ సాత్‌బారా ఉంది, ఆధార్ ఉంది, పంట రుణం ఫారం ఉంది. పొద్దున బ్యాంకులో వాటిని తిరిగి చేతికిచ్చి ఒకటే మాటన్నారు: "సిబిల్ ఖరాబ్ హై." ఎవరి బాకీ, ఎంత బాకీ, ఎప్పటిది? అవేమీ చెప్పలేదు.

అందుకే ఆ సిబిల్ రిపోర్టు తీయిస్తోంది. తీయడానికే ఇంతసేపు పట్టింది. మునుపు గ్రూపు లోను తీసుకున్నప్పుడు రాయించిన ఫోన్ నంబరు కొడుకుది, అతనేమో హైదరాబాదులో పనిలో ఉన్నాడు. "కొడుకా, ఆరు నంబర్లు వస్తయంట, జెల్ది చెప్పు" అని అక్క ఫోన్లో బతిమాలింది. మొదటి ఓటీపీకి గడువు దాటిపోయింది, రెండోది పనిచేసింది.

ఊళ్లో అందరూ సిబిల్ అంటారు గానీ ఎవరు అప్పు ఎలా కట్టారో లెక్క రాసే కంపెనీలు దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. 2017 నుంచి ఒక్కో కంపెనీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడు అక్క కడుతున్నది ప్రింటు డబ్బులే.

కాగితం ఆమె చేతికొచ్చింది. మొత్తం ఇంగ్లీషు. బ్యాంకు నోటీసు వస్తే మరాఠీలో ఉంటుంది, వసూలుకొచ్చేవాళ్లు హిందీలో బెదిరిస్తారు, ఇంట్లో మాట తెలుగు. తన అప్పు గురించి తనకే తెలియని భాషలో రాసి పెడితే ఈ మనిషి ఎట్లా అడగాలి? నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే.

సెంటర్ అబ్బాయి వేలు పెట్టి చూపిస్తున్నాడు. వంగి చూడండి. నెలకొక గడి. 000, 000, 000 అంటే ఆలస్యం లేదు. అలా వరసగా సాగి, 2022 జులై తర్వాత గడి మారింది. ముందు ముప్ఫై చిల్లర, తర్వాత అరవై, తర్వాత తొంభై దాటింది. కిస్తు ఎన్ని రోజులు దాటిందో ఆ అంకె చెబుతుంది. గోదావరి, ప్రాణహిత పోటెత్తి సిరోంచ ఊళ్లను ముంచింది ఆ జులైలోనే. పొలం నీళ్లలో ఉన్నప్పుడు గ్రూపు లోను కిస్తు ఎక్కడినుంచి వస్తుంది? ఆ సంగతి రాయడానికి రిపోర్టులో గడి లేదు.

చివర్న "ఓవర్‌డ్యూ" అని పదకొండు వేల చిల్లర, పక్కన "రిటెన్ ఆఫ్" అని ఉంది.

"మాఫ్ అయినట్టా?" అక్క ఆశగా అడిగింది.

కాదు. అప్పిచ్చినవాళ్లు తమ పుస్తకంలో దాన్ని పక్కకు తీసి పెట్టుకున్నారు, అంతే. బాకీ అలాగే ఉంటుంది, వసూలు పని ఏజెన్సీకి పోవచ్చు.

అక్క సంచి అడుగు నుంచి కిస్తు కార్డు తీసింది. మడతల దగ్గర చిరిగి, పసుపు మరకతో ఉంది. తర్వాతి ఎండాకాలం మిర్చి అమ్మి మిగిలిన సొమ్మంతా ఒకేసారి కట్టానంటోంది. కార్డు మీద తేదీ ఉంది, నీలం సిరా సంతకం ఉంది, సగం పడిన ముద్ర ఉంది. కట్టిన డబ్బు కంపెనీ లెక్కలోకి ఎక్కలేదన్నమాట.

ఇంతలో ఫోన్ మోగింది. గోడ గడియారంలో ఆరున్నర దాటింది. ఇది మైక్రోఫైనాన్స్ రుణం, 2022 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి బాకీకి పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయకూడదు. అవతలి గొంతు హిందీలో: ఆరు వేలకు సెటిల్‌మెంట్, ఇయ్యాలే ఫోన్‌పే చేస్తే సిబిల్ క్లియర్.

అక్క కళ్లు మెరిశాయి. ఆరు వేలు అప్పు తెచ్చయినా కట్టేద్దామన్నంత ఆశ. ఆగక్కా.

అమెరికాలో వసూలు ఏజెన్సీ తన పేరుతోనే రిపోర్టులో పద్దు పెట్టించగలదు. ఇక్కడ అలా కాదు. పద్దు రాయించేది అప్పిచ్చిన కంపెనీ, లేదా ఆ అప్పును కొనుక్కున్న ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీ. ఫోన్ చేసిన పిల్లాడి చేతిలో ఒక్క గడి కూడా లేదు. పైగా తక్కువకు ఒప్పుకుంటే పద్దు "సెటిల్డ్" అవుతుంది, "క్లోజ్డ్" కాదు. పూర్తిగా కట్టలేదని మళ్లీ ఏ బ్యాంకయినా చదువుకుంటుంది. కట్టిన బాకీకి రెండోసారి డబ్బిచ్చి తప్పును తానే ఒప్పుకున్నట్టవుతుంది.

గోదావరి అవతలి ఒడ్డున కాళేశ్వరం వైపు 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద ఆర్డినెన్సు తెచ్చింది. అది ఇవతలి ఒడ్డుకు చెల్లలేదు. ఇక్కడి ఆడవాళ్లకు ఆధారం రిజర్వ్ బ్యాంకు నిబంధనలే, అవి ఇంటిదాకా రావాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివిపెట్టాలి.

అబ్బాయి టైపు మొదలుపెట్టాడు. అక్క తెలుగులో చెబుతుంటే అతను మరాఠీలో కొడుతున్నాడు. ఉత్తరం అప్పిచ్చిన కంపెనీ ఫిర్యాదుల అధికారికి. కార్డు జెరాక్సు జత. నా ఖాతా లెక్క మొత్తం ఇవ్వండి, కట్టిన డబ్బు జమ చేసి పద్దు దిద్దండి, మీ తరఫున ఫోన్ చేస్తున్న ఏజెన్సీ ఏదో రాసివ్వండి. అదే సంగతి రిపోర్టు ఇచ్చిన కంపెనీ వెబ్‌సైటులో వివాదంగా నమోదైంది. అది సొంతంగా ఏమీ మార్చదు, అప్పిచ్చినవాళ్లను అడిగే మారుస్తుంది. వాళ్లు జవాబివ్వడానికి 21 రోజులు, మొత్తం తేల్చడానికి 30 రోజులు. అది దాటితే రోజుకు వంద రూపాయలు ఫిర్యాదుదారుకు చెల్లించాలి. ఈ నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

"అప్పటికీ పలకకపోతే?"

14448కి ఫోన్ చేయాలి. రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదు ఎలా పెట్టాలో తెలుగులోనే చెబుతారు, ఫిర్యాదుకు రుసుం లేదు. నెట్ లేకపోతే చండీగఢ్‌లోని రిజర్వ్ బ్యాంకు ఆఫీసుకు పోస్టులో పంపినా తీసుకుంటారు. తెలుగులో అనగానే అక్క ఆ నంబరు కార్డు వెనక రాయించుకుంది.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అక్క స్పీకర్లో పెట్టింది.

"పైసలు కట్టిన. కార్డు మీద సంతకమున్నది. నీ పేరు, నీ ఏజెన్సీ పేరు, కంపెనీ నీకిచ్చిన అథారిటీ చిట్టీ వాట్సాప్‌ల పెట్టు. గవి జూసినంక మాట్లాడ్త."

అవతల కాసేపు ఏదో గొణిగి పెట్టేశారు. అక్క అబ్బాయి వైపు తిరిగింది. "ఆ దినం మా గ్రూపుల ఇంక ముగ్గురు కట్టిండ్రు. పొద్దుగాల్ల ఆళ్లను కార్డులతోని తోల్కొస్త. సెంటరు ఎన్ని గంటలకు దీస్తవ్?"